ఈ వారం సమస్య: చినుకు రాలకుండ చిటపటలట

నిర్వాహకుడు (అనంతపురం):
నిన్న రాత్రి చెనిక్కాయలు బొగ్గుల మీద కాలుస్తుంటే ఈ పాదం నోట్లో పడింది. ఛందస్సు ఆటవెలది. ఇదే చివరి పాదంగా పద్యం పూరించాలి. కానీయండి.

చిత్రావతి:
మూకుడందు నూనె మూగగా కాగంగ
ఆవగింజలమ్మ యందు వేసె
వంటయింటిలోన వర్షమే వచ్చెనా
చినుకు రాలకుండ చిటపటలట

పెన్న గట్టు:
వారమెండినట్టి వేరుశనగకాయ
చెవికి చేర్చి యూప చేతితోడ
గింజ గట్టిదంచు గెలుపుతో పలికెడు
చినుకు రాలకుండ చిటపటలట

రాళ్ళసీమ:
పెన్న గట్టు అన్నా, మొదటి పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత అక్షరం) జారింది. ‘వా’కు ‘వే’ చెల్లదు. ‘వేడికెండినట్టి’ అంటే సరి. అసలు చిక్కు శబ్దంలో ఉంది. పచ్చి కాయలో గింజ పెంకును నిండి ఉంటుంది. ఆరి, గింజ చిన్నదైతేనే లోపల కదులుతుంది, ఊపితే గలగలమంటుంది. చిటపట పగిలే చప్పుడు. చిత్రావతి అక్క పూరణలో అది కుదిరింది. నూనె ‘మూగగా’ కాగింది కాబట్టే ఆవాల చప్పుడు అంత బాగా వినిపించింది.

పెన్న గట్టు:
యతి తప్పు నాదే. శబ్దం మాటకొస్తే, పోయిన వారం ‘గుండె గలగలమనె’ అని రాసిందెవరు సామీ? గలగలమనేవి గాజులు. గుండె దడదడలాడుతుంది, భయమేస్తే గుబగుబలాడుతుంది.

రాళ్ళసీమ:
ఆ పాదం తప్పే, ఒప్పుకుంటున్నా. ఈసారి మనసు చప్పుడు పట్టుకున్నా:

విత్తు దెచ్చి నాన్న వేచెను మబ్బుకై
దిక్కు దిక్కు చూచి తిరిగె నింట
అమ్మ సైగ చేసె నడుగవద్దేమియు
చినుకు రాలకుండ చిటపటలట

చిత్రావతి:
ఏడాదికి సగటున 550 మి.మీ. వాన పడే జిల్లాలో ఈ పద్యం ఎవరికీ వివరించనక్కర్లేదు. మా ఇంట్లోనూ జూన్ నెలంతా ఇంతే. నాకు నచ్చింది మాత్రం చివరి ‘ట’. నేనూ, పెన్న గట్టు అన్నా దాన్ని గాలికొదిలేశాం. ఇక్కడ అది అమ్మ మాటైంది. చప్పుడుకు పుట్టిన చిటపట కోపానికి ఎలా వచ్చిందో చూడండి. కళకళ, వెలవెలకైతే చప్పుడే లేదు, అయినా ముఖం కళ్ళకు కడుతుంది. ఇలాంటి మాటలు ద్రావిడ భాషల్లోనూ ఆర్య భాషల్లోనూ కలిసి పెరిగాయని భాషావేత్త ఎమెనో 1969లోనే రాశాడు.

పెన్న గట్టు:
తమ్ముడి పద్యం గట్టిదే. నాది దిద్దాను:
వేడి బొగ్గు మీద వేరుశనగకాయ
పెంకు పగిలి నవ్వె పిల్లలట్లు...

రాళ్ళసీమ:
యతి బాగుంది. కానీ పిల్లల నవ్వు కిలకిల కదన్నా?