హౌస్‌కీపింగ్ ఏజెన్సీ మన దగ్గర పనిచేసేవాళ్లకు పీఎఫ్, ఈఎస్ఐ నిజంగా కడుతోందా? ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న (నర్సింగ్ హోమ్ అడ్మిన్, ఒంగోలు):
అందరికీ నమస్కారం. మాది 40 పడకల ఆసుపత్రి. హౌస్‌కీపింగ్‌కి 14 మంది, సెక్యూరిటీకి ఆరుగురు, అందరూ ఒకే ఏజెన్సీ మనుషులు. రెండేళ్లుగా హాజరు పట్టీ చూడడం, బిల్లు మీద సంతకం పెట్టి డబ్బు పంపడం, అంతవరకే నా పని అనుకున్నాను. పోయిన వారం మా ఆయమ్మ ఒకామె మెట్లు తుడుస్తూ జారిపడ్డారు, మణికట్టు విరిగింది. కట్టు మేమే వేశాం. ఈఎస్ఐ కార్డు తీసుకురమ్మంటే ఆమెకు అసలు ఐపీ నంబరే (ఈఎస్ఐలో నమోదైన ప్రతి కార్మికుడికీ ఇచ్చే నంబరు) లేదు. నెలకు చేతికి వచ్చేది 10,500 అట. మా బిల్లులో మాత్రం మనిషికి 15,000 జీతం, దాని మీద పీఎఫ్, ఈఎస్ఐ అని వేరే లైన్లు ఉన్నాయి. వాటి కింద సంతకం పెడుతూ వచ్చింది నేనే. అప్పటినుంచి నిద్ర పట్టడం లేదు. ఏజెన్సీ ఓనర్‌ని అడిగితే పీఎఫ్ చలానా జెరాక్స్ పంపి "అన్నీ కడుతున్నాం మేడమ్" అన్నారు. ఏజెన్సీని మార్చేస్తే సరిపోతుందా?

జవాబు (పీఎఫ్, ఈఎస్ఐ రిటర్నులు వేసే ఆఫీసు, విజయవాడ):
మేడమ్, ముందు ఆయమ్మ సంగతి చూడండి. పనిలో తగిలిన గాయానికి ఈఎస్ఐలో ఇన్ని రోజులు డబ్బు కట్టి ఉండాలనే షరతు లేదు, పనిలో చేరిన మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ఏజెన్సీ చేత వెంటనే ఆమెను రిజిస్టర్ చేయించండి, ప్రమాద నివేదిక వేయించండి. చేరిన తేదీ మాత్రం అసలైనదే ఉండాలి. ప్రమాదం జరిగాక చేరినట్టు రాస్తే ఆమెకే నష్టం. ఫారం మీరు కళ్లారా చూశాకే పంపనివ్వండి.

ఇక ఆ చలానాతో మీకు ఏమీ తెలియదు. అందులో ఉండేది ఎంతమందికి, మొత్తం ఎంత కట్టారన్నదే. ఆ ఏజెన్సీకి ఇంకా పది చోట్ల మనుషులు ఉండవచ్చు. మీరు అడగాల్సింది ఈసీఆర్, అంటే పీఎఫ్‌కి నెలనెలా ఆన్‌లైన్లో వేసే రిటర్ను. అందులో ఒక్కొక్కరి పేరు, యూఏఎన్ (కార్మికుడి పీఎఫ్ నంబరు), జీతం, కట్టిన సొమ్ము లైను లైనుగా ఉంటాయి. ఈఎస్ఐకీ ఐపీ నంబర్ల వారీగా అలాంటి జాబితానే వస్తుంది. రెండింటినీ మీ హాజరు పట్టీ పక్కన పెట్టి పేరు పేరునా టిక్కు పెట్టండి. తర్వాత ఓ నలుగురిని పిలిచి, వాళ్ల ఫోన్లలోనే ప్రభుత్వ ఉమాంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిపించండి. యూఏఎన్‌కి ఎవరి ఫోన్ నంబరు కలిపి ఉందో కూడా చూడండి. అది సూపర్‌వైజర్ నంబరైతే పీఎఫ్ మెసేజ్‌లు వాళ్లకు ఎప్పటికీ చేరవు.

ఏజెన్సీని మార్చినంత మాత్రాన పాత బాకీ పోదు. కాంట్రాక్టర్ కట్టకపోతే ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌గా, అంటే పని చేయించుకునే అసలు యజమానిగా, మీ ఆసుపత్రే కట్టి, తర్వాత అతని దగ్గర రాబట్టుకోవాలి. జీతం విషయంలోనూ అంతే. జీతం గురించిన ఈ నియమం 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలో ఉండేది, కొత్త కార్మిక కోడ్‌లలోనూ కొనసాగింది.

జవాబు (కోల్డ్ స్టోరేజీ మేనేజర్, గుంటూరు):
మేడమ్, ఒక్కసారి లెక్క వేసుకోండి. జీతం 15,000 అయితే యజమాని వైపు పీఎఫ్ చార్జీలతో కలిపి 13 శాతం, అంటే 1,950. ఈఎస్ఐ 3.25 శాతం, దాదాపు 488. బోనస్ 8.33 శాతం, 1,250 అనుకోండి. అన్నీ కలిపితే 18,688. సెలవు జీతం, యూనిఫాం, ఏజెన్సీ కమీషన్ ఇందులో లేవు, 18 శాతం జీఎస్‌టీ వేరే. ఇటు కార్మికుడి నుంచి కోత పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 113. చేతికి 13,087 రావాలి. మీ ఆయమ్మకు 10,500 వస్తోందంటే నెలకు 2,587 ఎక్కడికి పోతోందో అడగండి.

నేనూ ఒకప్పుడు అన్నీ కలిపి 16,500కే కొటేషన్ ఇచ్చిన ఏజెన్సీని తెచ్చుకున్నాను. చవకగా దొరికిందని సంబరపడ్డాను. ఆ తేడా నా హమాలీల జీతాల్లోంచి పోతోందని తెలిసేసరికి ఎనిమిది నెలలు గడిచాయి. ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అప్పటినుంచి కొటేషన్ ఏ ఏజెన్సీ ఇచ్చినా విడివిడి లెక్క లేకుండా తీసుకోను.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండి. అయితే ఈ నెల బిల్లు మొత్తం ఆపేయనా? ఇంకో మాట, మా నర్సులు ఏజెన్సీ మనుషులకు నేరుగా పని చెబుతారు, సెలవులు కూడా ఇచ్చేస్తుంటారు. అది తప్పా?

జవాబు (విజయవాడ ఆఫీసు):
మొత్తం ఆపవద్దు మేడమ్. ఆపితే మొదట పస్తులుండేది వాళ్లే. బిల్లును రెండు ముక్కలు చేయండి. జీతం ముక్క నెల మొదట్లోనే ఇవ్వండి, అది వాళ్ల బ్యాంకు ఖాతాల్లో పడినట్టు స్టేట్‌మెంట్ తీసుకోండి. పీఎఫ్, ఈఎస్ఐ కట్టడానికి తర్వాతి నెల 15 వరకు గడువు ఉంటుంది కాబట్టి ఆ ముక్క ఈసీఆర్ చూశాక ఇవ్వండి. ఇదంతా ఫోన్లో కాకుండా ఉత్తరం మీద రాసి పంపండి. పాత బాకీ తేలేదాకా ఏజెన్సీ డిపాజిట్ వదలవద్దు.

సెలవులు, మందలింపులు, డ్యూటీ మార్పులు ఏజెన్సీ సూపర్‌వైజర్ చేతుల మీదుగానే జరగాలి. అన్నీ మీరే నడిపిస్తుంటే కాంట్రాక్టు పేరుకే ఉందని, వాళ్లు మీ ఉద్యోగులేనని కోర్టు అనే అవకాశం ఉంది. పేరుకు మాత్రమే ఉన్న కాంట్రాక్టుల గురించి 2001లో సుప్రీంకోర్టు స్టీల్ అథారిటీ కేసులో స్పష్టంగా చెప్పింది.

జవాబు (నర్సింగ్ సూపరింటెండెంట్, వరంగల్):
అందరూ డబ్బు గురించి చెప్పారు, నేను చెత్త గురించి చెబుతాను. రంగు సంచుల్లో ఆసుపత్రి చెత్త మోసేది ఈ ఆయమ్మలే. 2016 నాటి బయోమెడికల్ వేస్ట్ నియమాల ప్రకారం దాన్ని ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించే బాధ్యత ఆసుపత్రిదే. ఏజెన్సీ మనుషులని వదిలేయడానికి లేదు. పసుపు సంచిలో వేసే కట్లు, శరీర భాగాల వంటివి 48 గంటలు దాటి నిల్వ ఉంచకూడదు. శిక్షణ చేరినప్పుడు ఒకసారి, తర్వాత కనీసం ఏడాదికోసారి.

మా దగ్గర పొద్దున్న ఏడింటికి సూపర్‌వైజర్‌తో కలిసి ఒక రౌండ్ వేస్తాను. ఒకటే కాగితం. బాత్‌రూములు, సంచులు, సూదుల డబ్బా, ఎవరికి గ్లౌజులు లేవు, ఇంతే. ఇద్దరం సంతకం పెడతాం. నెలాఖరున బిల్లు పక్కన ఆ ముప్పై కాగితాలు ఉంటే గొడవే రాదు. మీ వాళ్లలో టీకా వేయించుకున్నవాళ్లు ఎంతమంది మేడమ్?

ప్రశ్న అడిగినవారు:
ఈ రోజే కనుక్కున్నాను మేడమ్. 14 మందిలో ముగ్గురే. మిగతావాళ్లకు రేపు మా దగ్గరే మొదటి డోసు వేయిస్తున్నాం. ఈసీఆర్ కూడా వచ్చింది. ఇరవై మందిలో తొమ్మిది మంది పేర్లే ఉన్నాయి. డైరెక్టర్ గారికి కాగితాలన్నీ చూపించాను, సోమవారం ఓనర్‌ని పిలిచారు. ఆయమ్మకు ఐపీ నంబరు వచ్చింది, చేరిన తేదీ రెండేళ్ల కిందటిదే వేయించాను.