ఫర్మ్ బయట సొంతంగా రెండర్లు, మోడళ్లు: రేటు, మార్పులు, పోర్ట్‌ఫోలియో

ప్లాన్‌గీత
ఆర్కిటెక్చర్ ఫర్మ్ ఉద్యోగం మానేసి రెండర్లు (కట్టబోయే భవనం ఎలా ఉంటుందో కంప్యూటర్‌లో చేసే బొమ్మలు), ఫిజికల్ మోడళ్లు (భవనాల చిన్న నమూనాలు) సొంతంగా చేసిపెట్టే పనిలోకి రావాలనుకుంటున్నాను. సాఫ్ట్‌వేర్‌తో ఇబ్బంది లేదు. తేలనివి మూడు: రేటు ఎలా కట్టాలి? మార్పులు అడుగుతూనే ఉంటే ఎక్కడ ఆపాలి? ఫర్మ్‌లో చేసిన ప్రాజెక్టులు పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా?

లెక్కలపుస్తకం
నెల జీతాన్ని పనిగంటలతో భాగించి అదే రేటు అనుకుంటే మునుగుతారు. 52 వారాల్లో సెలవులు, జబ్బులు తీస్తే 46 అనుకోండి. వారానికి 40 గంటల చొప్పున 1,840. కొటేషన్లు, ఫోన్లు, బాకీల వెంట తిరగడం పోను బిల్లు వేయగలిగేది 1,000 గంటలనుకుంటే క్షేమం. ఇంటిఖర్చు, పన్ను, సాఫ్ట్‌వేర్ చందాలు, కొన్నేళ్లకోసారి మార్చాల్సిన కంప్యూటర్ కలిపి ఏడాదికి ఎంత కావాలో రాసి 1,000తో భాగించండి. వచ్చిన అంకె చూసి కంగారుపడి తగ్గించకండి. అయితే క్లయింటుకు గంటల లెక్క చెప్పొద్దు, బొమ్మకింత అని చెప్పండి. చేయి తిరిగేకొద్దీ గంటలు తగ్గుతాయి, ఆ లాభం మీకే దక్కాలి.

క్లేరెండర్
మార్పుల్లో నష్టం వచ్చేది ఓకేలు తీసుకునే వరుస తప్పడం వల్ల. మెటీరియల్స్ (గోడలకీ నేలకీ రంగు, రాయి, చెక్క లాంటి పైరూపం), చెట్లు, మనుషులు అన్నీ పెట్టేశాక "కెమెరా కాస్త ఎడమకి" అన్నారనుకోండి. ఫ్రేమ్‌లోకి కొత్తగా వచ్చిన గోడకి జాయింట్లుండవు, దాని వెనక ఖాళీ. సగం పని మళ్లీ మొదటికొస్తుంది.

అందుకే ముందు మెటీరియల్ ఏదీ లేని తెల్లటి క్లే రెండర్లు నాలుగైదు కోణాల్లో, 1,500 పిక్సెళ్ల వెడల్పుతో పంపండి. కంటి ఎత్తు 1.6 మీటర్లు, లెన్స్ 24–35 మి.మీ., నిలువు గీతలు నిటారుగా. కెమెరాకి రాతపూర్వకంగా ఓకే వచ్చాకే వెలుతురు, ఆ తర్వాత మెటీరియల్స్. గోడ అంచులకి 2–3 మి.మీ. బెవెల్ ఇవ్వండి, అంటే అంచుని కాస్త ఏటవాలుగా చెక్కినట్టు చేయండి. కత్తిలాంటి అంచు మీద వెలుగు నిలవదు, బొమ్మ ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది.

ఒప్పందంలో "కెమెరా ఖరారయ్యాక రెండు విడతల మార్పులు ధరలోనే" అని రాయండి. మార్పు అంటే ఏమిటో కూడా రాయాలి: గోడ రంగు మార్చడం మార్పు, కిటికీ జరపడం కొత్త పని. అడ్వాన్స్ 40–50 శాతం, మిగతాది అందేదాకా వాటర్‌మార్క్ ఉన్న చిన్న ఫైలే. ప్రింట్ సైజు మొదట్లోనే అడగండి. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఏ3 కాగితం అంటే 4,961 × 3,508 పిక్సెళ్లు. 1,920 పిక్సెళ్ల వెడల్పుతో చేసినదాన్ని సాగదీస్తే ఆకులన్నీ ముద్దయిపోతాయి.

మూడుమిల్లీ
మోడల్ ధరని తేల్చేది స్కేలు, అంటే అసలు భవనంలో ఎన్నో వంతుగా చేస్తున్నారన్నది. 50 మి.మీ. రెయిలింగ్ పైపు 1:50లో 1 మి.మీ., చేయొచ్చు. 1:200లో 0.25 మి.మీ., లేజర్‌తో కోసేటప్పుడు మాడి విరుగుతుంది. పంపిన ఫైలుని ఉన్నదున్నట్టు కుదించకుండా, స్కేలుకి నిలవని వివరాలు తీసేసి మళ్లీ గీయాలి. ఆ గంటలు కొటేషన్‌లో వేయండి.

లేజర్ గాటు 0.1–0.2 మి.మీ. తినేస్తుంది, కాబట్టి 3 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పీచుని నొక్కి చేసిన షీటు) దిగడానికి సరిగ్గా 3 మి.మీ. గాడి గీస్తే వదులవుతుంది. షీటు మందం కూడా చాలాసార్లు పేరుకే 3. కాలిపర్‌తో (మందం కొలిచే పరికరం) కొలిచి, తుక్కు ముక్క మీద 2.7 నుంచి 3.0 దాకా నాలుగు గాళ్లు కోసి, వేలితో నొక్కితే బిగుతుగా దిగేది ఎంచుకోండి.

ఖాళీషీట్
ఉద్యోగంలో గీసినవాటి కాపీరైట్ సాధారణంగా ఫర్మ్‌దే. రాతపూర్వక అనుమతి తీసుకుని, ఫర్మ్ పేరు, అందులో మీ చేతి పని ఎంతో రాసి పెట్టండి. అనుమతి రాకపోతే వదిలేయండి. చాలా దేశాల్లో రిజిస్ట్రేషన్ లేకుండా ఆర్కిటెక్ట్ అని రాసుకోకూడదు, విజువలైజర్ అని రాసుకోండి.

పోర్ట్‌ఫోలియోలో పూర్తయిన బొమ్మతో పాటు దశలు కూడా చూపించండి. ఆర్కిటెక్చర్ చదివి ఇతర ఆర్కిటెక్టులకు బొమ్మలు గీయడమే వృత్తిగా చేసుకున్న హ్యూ ఫెరిస్, భవనాల ఎత్తుకీ ఆకారానికీ హద్దులు పెట్టిన న్యూయార్క్ 1916 జోనింగ్ చట్టం ఎంత కట్టనిస్తుందో 1922లో నాలుగు దశల్లో గీశారు. ముద్దలాంటి ఆకారం మెట్టుమెట్టుగా భవనం కావడం అందులో కనిపిస్తుంది. మీరు ఆలోచించగలరని క్లయింటుకి తెలిసేది అలాంటి వరుస చూసినప్పుడే.

ప్లాన్‌గీత
ధన్యవాదాలండీ. కెమెరా ఓకే అయ్యాక ప్రాజెక్టే ఆగిపోతే?

క్లేరెండర్
కెమెరా ఖరారు దాకా 30 శాతం, వెలుతురు, మెటీరియల్స్‌కి 50, ఫైనల్ ఫైలుకి 20 అని ఒప్పందంలోనే దశలు విడగొట్టండి. ఎక్కడ ఆగితే అక్కడిదాకా బిల్లు, అడ్వాన్స్ అందులోంచి మినహాయించాలి. 60 రోజులు కదలిక లేకపోతే పని ముగిసినట్టేనని ఒక వాక్యం చేర్చండి.