క్వాజులూ-నటాల్ ట్రిప్: డర్బన్ వదిలేసి డ్రాకెన్స్‌బర్గ్ కొండలకే వెళ్తే సరిపోతుందా?

విజయనగరం అబ్బాయి:
అందరికీ నమస్కారం. మేం దక్షిణాఫ్రికాలో, జొహానెస్‌బర్గ్ పక్కన మిడ్‌రాండ్‌లో ఉంటాం. డిసెంబర్‌లో అమ్మానాన్న వస్తున్నారు, ఇక్కడి తూర్పు తీర రాష్ట్రం క్వాజులూ-నటాల్ చూపిద్దామని అనుకుంటున్నాం. నాకు వారం సెలవు కూడా దొరకదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, నాన్న మాత్రం బాగా నడుస్తారు. ఆఫీసులో సగం మంది సముద్రం ఒడ్డునున్న డర్బన్‌లో ఏముంది, డ్రాకెన్స్‌బర్గ్ కొండలకి పొమ్మంటారు, మిగతా సగం డర్బన్ చూపించకుండా పంపిస్తావా అంటారు. రెండూ హడావిడిగా చూడటం ఇష్టం లేదు. ఏది వదులుకోమంటారు?

కొండగాలి:
డర్బన్ వదిలెయ్యండి. సముద్రం అంటారా, మీ అమ్మగారికి భీమిలిలోనే ఉంది. నేరుగా డ్రాకెన్స్‌బర్గ్‌లోని రాయల్ నటాల్ నేషనల్ పార్కుకి వెళ్లండి. ఎన్3 హైవే మీద హారిస్మిత్ దాకా వచ్చి, ఆర్74 రోడ్డు పట్టుకుని ఒలివియర్స్‌హుక్ కనుమ దిగితే చాలు, పొద్దున బయల్దేరినవాళ్లు మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటారు. ఆంఫీథియేటర్ అనే కొండగోడ ఐదు కిలోమీటర్ల పొడవున నిట్టనిలువుగా ఉంటుంది. దాని మీద నుంచి తుగేలా జలపాతం ఐదు అంచెలుగా 948 మీటర్లు కిందికి దూకుతుంది. డిసెంబర్ అక్కడ వానాకాలం, నీళ్లుంటాయి. చలికాలంలో వెళ్తే రాతి మీద సన్నటి చార తప్ప ఏమీ కనబడదు. నాన్నగారు నడుస్తారంటున్నారు కాబట్టి కొండగోడకి బిగించిన గొలుసు నిచ్చెనలు ఎక్కించి పైదాకా తీసుకెళ్లండి. అక్కడ అంచు దగ్గర బోర్లా పడుకుని కిందికి చూడాలి. మబ్బు మన కిందుగా పోతుంది, అది విడిపోయిన క్షణంలో లోయ అడుగు కనబడుతుంది. దాని ముందు ఏ ఊరూ నిలవదు.

ఎన్3 డ్రైవర్:
గొలుసు నిచ్చెనల దారి క్వాజులూ-నటాల్‌లో మొదలవదు. అది మొదలయ్యే సెంటినెల్ కార్ పార్క్‌కి పక్క రాష్ట్రం ఫ్రీ స్టేట్ వైపు నుంచి, విట్సీస్‌హుక్ మీదుగా వెళ్లాలి. రాయల్ నటాల్‌లో దిగినవాళ్లు కొండంతా చుట్టి రావాలి. ఆఖర్న ఉన్న రోడ్డు మామూలు కారుకి పనికిరాదు.

కొండగాలి:
దారి ఎటైనా, నీళ్లు పడేది నటాల్‌లోనే కదా.

రాగిసంకటి:
948 పాత లెక్క. 2016లో చెక్ రిపబ్లిక్ బృందం కొలిస్తే 983 తేలింది. వెనెజులాలో ఏంజెల్ జలపాతం 979. కాబట్టి ప్రపంచంలో మొదటిది తుగేలాయే.

కొండగాలి:
983ని అందరూ ఒప్పుకోలేదు. పుస్తకాల్లో ఇప్పటికీ 948 అనే ఉంటుంది. పైగా ఏంజెల్‌లో నీరు ఒక్క దూకులోనే 800 మీటర్లు దాటుతుంది, తుగేలా అంచెలంచెలుగా దిగుతుంది. రెండింటినీ ఒక గాటన కట్టకూడదు. నేను తుగేలాని ఎంత ప్రేమించినా లేని కిరీటం పెట్టను.

రాగిసంకటి:
అంచెలు లెక్కలోకి రావని ఎక్కడుంది? మొత్తం ఎత్తే కదా లెక్క.

డర్బన్ కోడలు:
జలపాతం ఎత్తు గురించి తర్వాత కొట్టుకోవచ్చు, ముందు అబ్బాయిగారి ప్రశ్న చూడండి. మోకాళ్ల నొప్పులున్న ఆవిడని ఎక్కడ కూర్చోబెట్టి నాన్నగారిని నిచ్చెనలెక్కిస్తారు? డిసెంబర్‌లో డ్రాకెన్స్‌బర్గ్ మీద మధ్యాహ్నమయ్యేసరికి ఉరుములూ మెరుపులూ మొదలవుతాయి. ఆ టైముకి ఇనుప నిచ్చెన మీద పెద్దాయన ఉండటం క్షేమమా?

అమ్మగారి కోసం చెప్తున్నా. హౌవిక్ ఊళ్లో 95 మీటర్ల జలపాతం ఉంది. కారు దిగి నాలుగడుగులు వేస్తే కమ్మీల దగ్గర నిలబడి చూడొచ్చు. ఆ దగ్గర్లోనే 1962 ఆగస్టు 5న మండేలాని పట్టుకున్న చోటు. యాభై ఉక్కు స్తంభాలు నిలబెట్టారు, ఒక్క చోట నిలబడి చూస్తేనే అవన్నీ కలిసి ఆయన ముఖంలా కనబడతాయి. ఇంకాస్త కిందికొస్తే పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్, 1893 జూన్ 7 రాత్రి గాంధీని రైల్లోంచి దింపేసిన చోటు. డర్బన్ దగ్గర ఇనాండాలో ఆయన 1904లో పెట్టిన ఫీనిక్స్ ఆశ్రమం ఉంది. 1985 గొడవల్లో తగలబెట్టారు, తర్వాత మళ్లీ కట్టి 2000లో తెరిచారు. అక్కడికి దగ్గర్లోనే ఓలాంగే బడి, 1994లో మండేలా మొదటిసారి ఓటేసింది అందులోనే. గైడ్‌ని తీసుకుని ఒక్క పూటలో ఈ రెండూ చూడొచ్చు.

ఇక డర్బన్‌లోనే 1860 హెరిటేజ్ సెంటర్, కూలీలుగా వచ్చిన భారతీయుల మ్యూజియం. ఆ ఏడాది నవంబర్ 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి చెరకు తోటల కూలీలతో డర్బన్ చేరింది. 1911 దాకా అలా లక్షా యాభై రెండు వేల మంది వచ్చారు. అందులో మన విశాఖ, గంజాం, గోదావరి, చిత్తూరు వైపు వాళ్లు ఎంతోమంది. విజయనగరం మనిషి ఇంత దూరం వచ్చి ఇది చూడకుండా ఎలా వెళ్తుంది?

కొండగాలి:
మీరు చెప్పినవాటిలో సగం రాతిపలకలు. అవి ఫొటోలో చూసినా ఒకటే. కొండ ఫొటోలో పట్టదు.

డర్బన్ ఎందుకొద్దంటున్నానో సూటిగా చెప్తాను. బీచ్ పక్కన పట్టపగలు నా కారు అద్దం పగలగొట్టారు. వెనక సీట్లో మా పాప స్కూల్ బ్యాగు పోయింది. బస చేసినచోట కంప్లైంట్ చేస్తే రిసెప్షన్ ఆయన "ఇక్కడ మామూలే" అని తల కూడా ఎత్తలేదు. 2022 ఏప్రిల్ వరదల్లో మురుగు పైపులు దెబ్బతిని బీచ్‌లకి బీచ్‌లే మూసేశారు. ఇలాంటి చోటికి ముసలివాళ్లని తీసుకెళ్లమంటారా?

సబ్బవరం:
కారు అద్దాలు జొబర్గ్‌లో పగలట్లేదా అన్నా?

డర్బన్ కోడలు:
ఆ వరదల్లో నాలుగు వందల మందికి పైగా పోయారు. మా వీధిలో మట్టిపెళ్లలు విరిగి రెండు ఇళ్లు జారిపోయాయి. మీకు గుర్తున్నది బీచ్ మూసేయడం.

కారు అద్దం సంగతి నేను నమ్ముతాను, బాధపడతాను. అయినా అసలు విషయం అది కాదు. మా ఇంటికి ఇండియా నుంచి చుట్టాలొస్తారు, జొబర్గ్ నుంచి మీలాంటి వాళ్లొస్తారు. ఒక్క రాత్రి ఉంటారు. బన్నీ చౌ (కూర నింపిన బ్రెడ్డు) తినాలని బయటికెళ్తారు. మా మామగారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని "అంకుల్‌కి తెలుగు రాదా" అని నవ్వుతారు. ఆయన డెబ్బై దాటిన మనిషి. ఇక్కడి తెలుగువాళ్ల సంఘం ఆంధ్ర మహాసభలో చిన్నప్పుడు నేర్చుకున్న భజనలు ఇప్పటికీ ఒక్క అక్షరం పోకుండా పాడతారు. 1931లో ఆ సభ పెట్టింది ఇలాంటి వాళ్ల పెద్దలే. మర్నాడు పొద్దున్నే మీరంతా బట్టలు సర్దుకుని కొండలకి వెళ్లిపోతారు. వదిలెయ్యమంటున్నది డర్బన్‌ని కాదు, మా వాళ్లని.

కొండగాలి:
నవ్విన లెక్క నా ఖాతాలో వెయ్యకండి. నేనెవర్నీ నవ్వలేదు. జరిగింది తిరగబడింది, వినండి.

ఈ దేశం వచ్చిన కొత్తలో ఉగాదికి మేం డర్బన్ దాకా డ్రైవ్ చేసుకుని వెళ్లాం. మనవాళ్లున్నారు కదా అని. మా ఆవిడ పట్టుచీర కట్టుకుంది, పచ్చడి చేసి డబ్బాలో పెట్టుకొచ్చింది. హాల్లో మమ్మల్ని తలుపు పక్కన ఖాళీ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఒకాయన వచ్చి అడిగిన మొదటి మాట, "మీ కాంట్రాక్టు ఎప్పుడైపోతుంది?" పేరు అడగలేదు. పచ్చడి డబ్బా మూత కూడా తియ్యలేదు, అలాగే ఇంటికి తెచ్చుకున్నాం. కోడలుగారూ, మీ వాళ్లు ఎవరినైనా మనుషుల్లా చూస్తారేమో గానీ మమ్మల్ని చూడలేదు.

రాగిసంకటి:
తుగేలా నుంచి ఎక్కడికొచ్చాం?

నిర్వాహకుడు:
మాటలు హద్దులోనే ఉన్నాయి, కొనసాగించండి. ప్రాంతాల వారీగా "మీ వాళ్లు" అనడం మాత్రం రెండువైపులా తగ్గించండి.

డర్బన్ కోడలు:
ఆ డబ్బా సంగతి చదివి నాకు బాధేసింది, అక్కగారికి చెప్పండి. కానీ ఆ ప్రశ్న ఎక్కణ్నుంచి వచ్చిందో వినాలి మీరు. మా మామగారి తాత వచ్చిందీ ఐదేళ్ల కాంట్రాక్టు మీదే. గడువు తీరాక ఉండిపోతే 1895 చట్టంతో మనిషికి ఏడాదికి మూడు పౌండ్ల పన్ను వేశారు. అది కట్టలేకే 1913లో న్యూకాజిల్ బొగ్గు గనుల్లో సమ్మె మొదలైంది. ఇండియా ప్రభుత్వంతో చేసుకున్న 1927 ఒప్పందంలో డబ్బులిస్తాం ఇండియా వెళ్లిపొమ్మన్నారు. 1961 దాకా భారతీయుల్ని ఈ దేశపు శాశ్వత జనంగా ఒప్పుకోలేదు. తరాల తరబడి "ఎప్పుడెళ్తారు" అని అడిగించుకున్న ఇళ్లవి. అదే ప్రశ్న మిమ్మల్ని అడిగాడంటే ఆయన చేసింది ఒప్పని అనను. ఆ ఇళ్లలోకి వెళ్లి కూర్చోకుండా ఆయన్ని తూచొద్దంటున్నాను.

కొండగాలి:
చరిత్ర మొత్తం మీరన్నట్టే కావచ్చు. ఆ పూట నా భార్య కళ్లలో నీళ్లకి అది జవాబు కాదు.

నేను కొండలకి ఎందుకు వెళ్తానో చెప్తాను. ఆఫీసులో నా వర్క్ పర్మిట్ గురించి అడుగుతారు. ఇంటికి ఫోన్ చేస్తే ఎప్పుడొచ్చేస్తున్నావంటారు. డర్బన్ వెళ్తే కాంట్రాక్టు. తుగేలా లోయలో నడుస్తుంటే ఎవ్వరూ ఎక్కడివాడివని అడగరు. ఎదురొచ్చినవాళ్లు నీళ్లు ఇంకెంత దూరంలో ఉన్నాయని అడుగుతారు, అంతే. అది నాకు కావాలి.

డర్బన్ కోడలు:
మీకు కావాలి. అబ్బాయిగారి అమ్మగారికి కావాలా అన్నది మీరెవరూ అడగలేదు. ఓడ జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, జిల్లా, ఠాణా, ఊరు రాసి ఉంటాయి. ఇంగ్లిషు గుమాస్తాలు చెవికి ఎలా వినబడితే అలా రాశారు. మా ఇంట్లో ఉన్న కాగితంలో ఊరి పేరు ఏదో ఇప్పటికీ తేలలేదు. జిల్లా మాత్రం విశాఖపట్నం. ఆ వైపు ఊళ్లు తెలిసిన పెద్దావిడ ఒక్కసారి చూస్తే మాకు చాలు.

విజయనగరం అబ్బాయి:
అందరికీ థ్యాంక్స్. అమ్మకి ఫోన్లో మొత్తం చదివి వినిపించాను. అమ్మ పుట్టిల్లు బొబ్బిలి దగ్గర. "ఆ కాగితం ఫొటో ముందే పంపకు, అక్కడికెళ్లి చూస్తాను" అంది. కాబట్టి డర్బన్ ఖాయం. నాన్న కోసం దారిలో రాయల్ నటాల్ ఆగుతాం, నిచ్చెనలు మాత్రం వద్దు. లోయ నడక ఆయన వెళ్లగలిగినంత. హౌవిక్ కూడా పెట్టుకున్నాం. కోడలుగారూ, మీకు మెసేజ్ పెట్టాను.

కొండగాలి:
డర్బన్ గురించి నా మాట మారదు. లోయ నడక రానూపోనూ పద్నాలుగు కిలోమీటర్ల వరకూ ఉంటుంది, తెల్లారగానే మొదలుపెట్టి మధ్యాహ్నానికి వెనక్కి వచ్చెయ్యండి. చివర్లో నది దాటే రాళ్లు జారతాయి. నాన్నగారికి మంచి పట్టున్న బూట్లు కొనండి.

ఎన్3 డ్రైవర్:
డిసెంబర్ 16 సెలవు. దానికి ముందు రోజు సాయంత్రం ఎన్3 ఎక్కొద్దు, టోల్ గేట్ల దగ్గర జొబర్గ్ మొత్తం ఉంటుంది. వాన్ రీనెన్ కనుమలో పొగమంచు పడితే లారీల వెనకే నెమ్మదిగా వెళ్లండి, ఓవర్‌టేక్ చెయ్యకండి.