నాన్న ఖర్చంతా రెండున్నర లక్షల లోపే. కొత్త బీమా పద్ధతి వస్తే మాలాంటి ఇళ్ల సంగతేంటి?

అడిగినవారు: లంక పిల్ల

అందరికీ నమస్కారం. అమలాపురం దగ్గర లంక ఊరు మాది. ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేస్తున్నాను. మా నాన్న కొబ్బరి దింపు కార్మికుడు. 2021 వానాకాలంలో తడిసిన చెట్టు మీంచి జారి పడ్డారు. నడుం దగ్గర వెన్నుపూస విరిగింది.

ముందుగా ఒక మాట. ఆరోగ్యశ్రీ లేకపోతే ఆ రోజు మా ఇల్లు అమ్ముకునేవాళ్లం. వెన్ను ఆపరేషన్, రాడ్లు, స్క్రూలు అన్నీ కార్డు మీదే అయ్యాయి. డిశ్చార్జి అయ్యాక ఆరోగ్య ఆసరా కింద రోజుకు 225 రూపాయల లెక్కన కొన్నాళ్లు డబ్బు కూడా పడింది. ఇచ్చినదాన్ని మర్చిపోయి అడగట్లేదు.

అసలు ఖర్చు మాకు ఆ తర్వాతే మొదలైంది. నాన్నకి నడుం కింద స్పర్శ లేదు. మూత్రం పైపుతోనే. మొదట్లో మూడు వారాలకోసారి మార్చే పైపు పెట్టారు, పదేపదే జ్వరం వచ్చేది. తర్వాత ఒక నర్సమ్మ సన్న పైపు పెట్టి తీయడం మా అమ్మకి నేర్పింది. రోజుకి ఐదుసార్లు. పైపులు, జెల్లీ, గ్లౌజులు, డైపర్లు, పుండుకి డ్రెస్సింగ్ సామాన్లు, వారానికి మూడుసార్లు ఇంటికొచ్చే ఫిజియో అన్నీ కలిపి నెలకి తొమ్మిది వేలు దాటుతోంది. నోటుపుస్తకంలో రాసుకుంటాను కాబట్టి లెక్క తెలుసు. ఇందులో ఒక్క రూపాయి కూడా కార్డు మీద రాదు.

పోయిన ఏడాది పిర్ర దగ్గర పుండు పడింది. నాన్నకి నొప్పి తెలీదు కదా, వాసన వస్తేనే మాకు తెలిసింది. చలిజ్వరంతో, కార్డు చెల్లే నెట్‌వర్క్ ఆసుపత్రి ఒకదానికి తీసుకెళ్తే "ఆపరేషన్ అయితే కార్డు మీద చేస్తాం, ఇది యూరిన్ ఇన్ఫెక్షన్, ప్యాకేజీలోకి రాదు" అన్నారు. నాలుగు రోజులకి 11,400 కట్టాం. కాకినాడ పెద్దాసుపత్రిలో డబ్బు అక్కర్లేదని తెలుసండి. కానీ మాకు 60 కిలోమీటర్ల పైమాటే. కూర్చోలేని మనిషిని వ్యాన్‌లో పడుకోబెట్టి తీసుకెళ్లి తీసుకురావాలి, ఆయన వెంట అమ్మ, నేను. మందులు ఉచితమే, దారి ఖర్చుకే భయం.

ఇప్పుడు నా ప్రశ్న. 2025 సెప్టెంబర్‌లో రాష్ట్ర కేబినెట్ కొత్త ఆరోగ్య విధానానికి ఆమోదం తెలిపిందని పేపర్లో చదివాను. ఎన్టీఆర్ వైద్య సేవలో (ఆరోగ్యశ్రీకి ఇప్పటి పేరు) రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ చూసుకుంటుంది, ఆపైన 25 లక్షల దాకా సర్కారు ట్రస్టు భరిస్తుంది అని. మా స్టాఫ్ రూములో అందరూ 25 లక్షల గురించే మాట్లాడుకున్నారు. నాకు మాత్రం ఆ మొదటి అంకె దగ్గరే గుండె ఆగింది. మా నాన్నకి ఇక పెద్ద ఆపరేషన్ ఏదీ ఉండదు. ఆయనకి వచ్చేవన్నీ జ్వరాలు, పుండ్లు, ఇన్ఫెక్షన్లు. ఎప్పుడొచ్చినా రెండున్నర లక్షల లోపే. అంటే ఆయన బతుకంతా బీమా కంపెనీ చేతుల్లోకి వెళ్తుందన్నమాట. "ఇది పాత జబ్బు" అని వాళ్లు తోసేస్తారా? నిరామయ అని ఒక బీమా ఉంది, అందులో చేర్చమని ఒకరు, ప్రైవేటు పాలసీ తీసుకోమని ఇంకొకరు చెప్తున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి, దయచేసి.

జవాబు 1: పాత ఆరోగ్యమిత్ర

అమ్మా, నేను తొమ్మిదేళ్లు ఆరోగ్యమిత్రగా పనిచేశాను. ఆసుపత్రి గుమ్మం పక్కన ఆ డెస్కులో కూర్చుని మీలాంటి కుటుంబాలకి "ఇది ప్యాకేజీలో లేదమ్మా" అని చెప్పిన నోరు నాది. అందుకే జవాబు రాయాలనిపించింది.

పాత జబ్బు అని తోసేస్తారన్న భయం పెట్టుకోకు. ఈ పథకంలో మొదటినుంచీ ముందే ఉన్న జబ్బులకి కూడా వైద్యం ఇస్తున్నారు. బజారులో అమ్మే పాలసీలాగా ఎదురుచూసే కాలం ఉండదు. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇది మొదలైనప్పుడు నడిపింది కూడా బీమా కంపెనీయే. ఆ తర్వాత ట్రస్టు చేతికి వచ్చింది. కాబట్టి కంపెనీ రావడం కొత్త కాదు, వెనక్కి రావడం అనుకో.

తేడా ఎక్కడొస్తుందో చెప్తాను. ట్రస్టయితే ఆసుపత్రి బిల్లు పంపాక సర్కారు సొమ్ములోంచి కడుతుంది. మన బాధ ఎప్పుడూ బకాయిలే. బకాయి పెరిగితే ఆసుపత్రులు సేవలు ఆపేస్తామనేవి. కంపెనీ అయితే కుటుంబానికి ఇంత అని ప్రీమియం ముందే తీసుకుంటుంది. ఆసుపత్రికి ఎంత తక్కువ కడితే దానికి అంత మేలు. అందుకే చిన్న బిల్లుల్ని కూడా గీసిగీసి చూస్తుంది. ఈ అడ్మిషన్ అవసరమా, రెండు రోజులు చాలదా, ఇంట్లో మాత్రలతో తగ్గదా అని అడుగుతుంది. మామూలు మనిషికి యూరిన్ ఇన్ఫెక్షన్ మాత్రలతో తగ్గొచ్చు. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకి అదే రక్తంలోకి పాకి ప్రాణం మీదకి తెస్తుంది. ఫైలు చూసేవాడికి ఆ తేడా కాగితం మీద కనపడాలి.

కాబట్టి ఒక పని చెయ్యి. ఎప్పుడు అడ్మిట్ చేయాల్సి వచ్చినా కేసు షీటులో మొదటి లైనులోనే వెన్నుపాము గాయం, కాళ్లు పడిపోయాయి, మూత్రాశయం పనిచేయదు అని డాక్టరుతో రాయించు. ఉత్త జ్వరం అని రాస్తే అక్కడే తిరిగొస్తుంది. 2021 ఆపరేషన్ డిశ్చార్జి సమ్మరీ, సదరం (వైకల్యం) సర్టిఫికెట్ జిరాక్సులు ఎప్పుడూ సంచిలో ఉంచుకో. వైద్యానికి ముందస్తు అనుమతి (ప్రీఆథ్) ఆరు గంటల్లో ఇస్తామని కొత్త విధానంలో చెప్పారు. అడిగిన టైము రాసుకో, ఆరు దాటితే 104కి ఫోన్ చెయ్యి.

నీకు ఆ రోజు "రాదు" అన్నది నోటిమాటేనా? ఇంకోసారి అలా అంటే "ప్రీఆథ్ పెట్టండి, వాళ్లు కాదంటే ఆ కాగితం ఇవ్వండి" అని అడుగు. జాబితాలో 3,257 వైద్య సేవలున్నాయి. ఆపరేషన్లే కావు, పడక మీద మందులతో చేసే వైద్యాలూ ఉన్నాయి. డెస్కులో మనిషికి అన్నీ గుర్తుండవు. నాకూ ఉండేవి కావు, ఎన్నిసార్లు వెతక్కుండానే లేదని చెప్పానో.

జవాబు 2: స్టీల్‌సిటీ శీను

చెల్లీ, విశాఖ నుంచి. నాకు పోలియో, ఎడమ కాలు, 60 శాతం సర్టిఫికెట్. ప్రైవేటు పాలసీ గురించి నా అనుభవం చెప్తాను.

2015లో ఒక కంపెనీకి అప్లికేషన్ పెడితే వైకల్యం అన్న గడి దగ్గర టిక్కు చూసి తిప్పి పంపారు. నాకు బీపీ లేదు, షుగరు లేదు. కారణం కూడా రాయలేదు. తర్వాత ఛాతీ కింద చచ్చుబడిన ఒకాయన తనకి పాలసీ ఇవ్వలేదని ఢిల్లీ హైకోర్టుకి వెళ్లారు. వికలాంగులకి సరిపడే పాలసీలు తేవాలని 2022 డిసెంబర్‌లో కోర్టు చెప్పింది. దాని మీద 2023 ఫిబ్రవరిలో బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ఇచ్చింది, ప్రతి కంపెనీ దగ్గరా వికలాంగుల కోసం ఒక పాలసీ ఉండి తీరాలని. అప్పుడు దొరికింది నాకు. ఐదు లక్షలు, ప్రతి బిల్లులో 20 శాతం నా వాటా.

మీ నాన్నగారికి తీసుకోవచ్చా అంటే, ప్రపోజల్ పెట్టి చూడొచ్చు. 2024 ఏప్రిల్ నుంచి పాత జబ్బులకి ఎదురుచూసే కాలం 36 నెలలు మించకూడదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ కూడా తీసేశారు. కానీ నీ నోటుపుస్తకం లెక్క పక్కన పెట్టి చూడు. పైపులు, డైపర్లు, ఇంటి దగ్గర ఫిజియో నా పాలసీలో కూడా లేవు. ఆసుపత్రిలో చేరితేనే అది పలుకుతుంది. నాకు అది చాలు, కాలు ఒక్కటే కాబట్టి. మీ ఇంటికి ఏటా ఆ ప్రీమియం కట్టి మూడేళ్లు ఎదురుచూడటం కన్నా ఆ డబ్బుతో మంచి గాలి పరుపు కొనడమే మేలంటాను. పుండు పడకుండా ఆపితే అదే పెద్ద బీమా.

లంక పిల్ల

శీను అన్నయ్యా, గాలి పరుపు కొన్నాం, రెండోది ఇది. మొదటిది మోటారు పోయింది. కరెంటు పోతే పరుపు దిగిపోతుంది, అప్పుడు గంట గంటకీ లేచి పక్కకి తిప్పుతాం.

మిత్రగారూ, అవునండి, నోటిమాటే. కాగితం అడగాలని కూడా మాకు తెలీదు.

జవాబు 3: రాజమండ్రి అమ్మ

తల్లీ, నిరామయ గురించి నేను చెప్తాను. మా బాబుకి సెరిబ్రల్ పాల్సీ, పదకొండేళ్లు. ఐదేళ్లుగా ఆ కార్డు ఉంది. నేషనల్ ట్రస్టు వాళ్లది, ఏడాదికి లక్ష వరకు. చేరేముందు వైద్య పరీక్షలు ఉండవు, వయసు అడ్డు లేదు. ముందు మనం కట్టుకుని తర్వాత బిల్లులు పంపాలి. ప్రతి బిల్లు మీదా తేదీ, సంతకం, ముద్ర ఉండాలి. ఒక్కటి లేకపోయినా తిరిగొస్తుంది.

కానీ అది నాలుగు రకాలవాళ్లకే. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టంలో ఆ నాలుగే రాశారు. మీ నాన్నగారిది వెన్నుపాము గాయం కాబట్టి అందులోకి రాదు. డబ్బులు తీసుకుని చేర్పిస్తామని ఎవరైనా అంటే ఇవ్వకు.

ఇంకో సంగతి చెప్పాలి. ఫిజియోకి, స్పీచ్‌కి, ఓపీ మందులకి, రాకపోకలకి కూడా విడిగా ఇంత అని రాసి ఉన్న బీమా నాకు తెలిసి అదొక్కటే. ఆసుపత్రిలో పడుకోకపోయినా మనిషికి వైద్యం అవసరం ఉంటుందని ఒప్పుకున్న కాగితం అది. మా బాబుకి స్కూలు ఈడు కాబట్టి ఇలాంటి పిల్లల కోసం సర్కారు నడిపే భవిత కేంద్రంలో ఫిజియో కూడా దొరుకుతోంది. పద్దెనిమిది దాటాక ఏంటన్నది నాకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు గుర్తించారు కదా. లక్ష బీమా నాలుగింటికే ఎందుకు ఆగాలి? మన రాష్ట్రం 25 లక్షలు ఇవ్వగలిగినప్పుడు అందులోంచి ఏడాదికి ఒక ముప్పై వేలు ఇంటి దగ్గర వైద్యానికి అని విడదీయలేదా? ఆ 25 లక్షల దాకా ఎన్ని ఇళ్లు వెళ్తాయి? నెలకి తొమ్మిది వేలు మాత్రం మీ ఇంట్లో ప్రతి నెలా ఖర్చవుతోంది.

జవాబు 4: గుంటూరు చక్రాలు

నాది కూడా వెన్ను దెబ్బే, లారీ గుద్ది పద్నాలుగేళ్లు. కుర్చీలో తిరుగుతాను, మిర్చి యార్డు దగ్గర చిన్న లెక్కల పని.

అక్కా, రెండు మాటలు. 2016 చట్టం సెక్షన్ 25 చదువు. కుటుంబ ఆదాయాన్ని బట్టి, దగ్గర్లోనే, ముఖ్యంగా పల్లెల్లో, ఉచిత వైద్యం ఇవ్వాలని ఉంది. ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా కుర్చీ వెళ్లే దారి ఉండాలని, చూడటంలో మనకి ముందు వరస ఇవ్వాలని అందులోనే ఉంది. కాకినాడ దూరం అని నువ్వు మొహమాటంగా రాశావు. "దగ్గర్లోనే" అన్న మాట చట్టంలో ఉంది, మొహమాటం అక్కర్లేదు. కలెక్టరుకి రాసినా, రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి రాసినా ఆ సెక్షన్ నంబరు వెయ్యి.

రెండోది పింఛను. మంచానికో కుర్చీకో పరిమితమైన ప్రమాద బాధితులకి 2024 జులై నుంచి నెలకి 15,000. అది నాన్నకి వస్తోందా, లేక మామూలు వికలాంగుల 6,000లో ఉన్నారా? చాలామంది తేడా తెలీక ఆరు వేలలోనే ఉండిపోయారు.

లంక పిల్ల

తమ్ముడూ, వస్తోంది, పదిహేను వేలే. ఇల్లు దాని మీదే నడుస్తోంది. అమ్మ కొబ్బరి పీచు పనికి వెళ్లేది, ఇప్పుడు నాన్నని వదిలి కదల్లేదు. 2025 జనవరిలో తనిఖీకి డాక్టర్లు ఇంటికొచ్చారు. నాన్న దుప్పటి తీసి కాళ్లు చూపించారు. వాళ్లు వెళ్లాక చాలాసేపు గోడవైపు తిరిగి పడుకున్నారు. నూట యాభై చెట్లు ఒక్కరోజులో దింపిన మనిషి.

మీ అందరి మాటలూ ఆయనకి చదివి వినిపించాను. మిర్చి యార్డులో పని అన్నచోట ఆపి, ఆయన కుర్చీలోకి ఎలా మారతాడో అడగమన్నారు. తమ్ముడూ, వీలైతే చెప్పు. మంచం మీంచి కుర్చీలోకి చెక్క పలక మీద జరగడం ఫిజియో ఒకసారి చూపించాడు, భయపడి మానేశాం.

సోమవారం అమలాపురం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తాను. స్కూలుకి ఒక పూట సెలవు అడిగాను. సెక్షన్ 25 వేసి రాస్తున్నాను. పైపులు, డ్రెస్సింగ్ సామాన్లు మా పీహెచ్‌సీలోనే ఇవ్వమని. ఇంటి దగ్గర ఫిజియోని వైద్య సేవ జాబితాలో చేర్చమని. వెన్నుపాము గాయం ఉన్నవాళ్లకి ఇన్ఫెక్షన్ వస్తే బీమా కంపెనీ అడ్మిషన్ కాదనకుండా ఆ కొత్త ఒప్పందంలో ఒక వాక్యం రాయమని. నోటుపుస్తకం పన్నెండు నెలల పేజీలు జిరాక్స్ తీసి వెనక జతచేస్తున్నాను. రశీదు నంబరు వచ్చాక ఇక్కడే రాస్తాను.