సమస్యాపూరణం: అన్న నోడఁగొట్టు టదియె భక్తి

ఛందస్సు ఆటవెలది. రాముడి వెనుక నడిచిన లక్ష్మణుణ్ణి తలచుకునే మన చెవికి ఈ పాదం మొదట తప్పుగా వినిపించాలి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ‘ఫార్ములా-ఈ’ విద్యుత్ కార్లు పరుగు తీసిన ఊరు మనది కనుక, పూరణలు మోటారు పందేల అన్నదమ్ముల మీదే రావాలని నిర్వాహకుడిగా కోరాను.

నల్లకుంట సభ్యుడి పూరణ:

మాంట్రియలున రాల్ఫు మైకేలునే దాటి
తొలుతఁ జేరె గీఁత తోడఁబుట్టు
ముందు నడచి చూపు మొనగాని కిది కాన్క
అన్న నోడఁగొట్టు టదియె భక్తి

బోయిన్‌పల్లి సభ్యురాలు: యతులు చక్కగా కుదిరాయండీ. 2001 కెనడా పందెం మంచి ఎంపిక. ఫార్ములా వన్‌లో అన్నదమ్ములు మొదటి రెండు స్థానాల్లో నిలవడం అదే మొదలు. కానీ రాల్ఫ్ షూమాకర్ అన్నను రోడ్డు మీద ‘దాట’లేదు. మైకేల్ ఇంధనానికి ముందుగా ఆగాడు. రాల్ఫ్ మరికొన్ని చుట్లు వేగంగా తిరిగి, ఆ తరువాత ఆగి, అన్నకంటే ముందు బయటికి వచ్చాడు. ‘మైకేలునే మించి’ అంటే గణమూ చెడదు, నిజమూ నిలుస్తుంది. ఇక నా ప్రయత్నం:

మార్కు వెనుకఁ బడఁగ మాతృభూమి నలెక్సు
గెలుపుమెట్టు నెక్కెఁ గేలు నెత్తి
నీడ నిచ్చి పెంచి నింగిఁ జూపినయట్టి
యన్న నోడఁగొట్టు టదియె భక్తి

నల్లకుంట సభ్యుడు: 2025 బార్సెలోనా మోటోజీపీ బైకుల పందెం కదమ్మా! మూడో పాదం విశేషణమై సమస్యలోని ‘అన్న’ను అందుకున్న తీరు నాకెంతో నచ్చింది. తమ్ముడు అలెక్స్ కంటే మార్క్ మార్కెజ్ మూడేళ్లే పెద్ద, ‘పెంచి’ అనడం ఎక్కువ. ‘నిలిపి’ అంటే సూర్యగణమే.

నిర్వాహకుడు: మూడో పూరణ 2003 ఇమోలా ఫార్ములా వన్ పందెం మీద వచ్చింది. పందేనికి కొన్ని గంటల ముందే తల్లి చనిపోయినా షూమాకర్ సోదరులిద్దరూ కార్లెక్కారు. చదువుతుంటే గొంతు పట్టేసింది. అయినా అక్కడ గెలిచింది అన్న, తమ్ముడు నాలుగో స్థానం, సమస్య తీరలేదు. దయతో తమ్ముడు వేగం తగ్గిస్తే అన్న పరుగును అవమానించినట్టే. ఆ సంగతి బోయిన్‌పల్లి పద్యంలో బలంగా పలికింది, మొదటి స్థానం దానికే. ‘మించి’తో సవరిస్తే నల్లకుంట పద్యం రెండోది. వచ్చే వారం కందం ఇస్తాను.