డాన్యూబ్ తీరాన ఒంటరి సైకిల్ ప్రయాణం: డోనావెషింగెన్ నుంచి మేలా, పస్సావ్ నుంచి మేలా?

ప్రశ్న

నమస్కారం. వచ్చే జూన్‌లో నాకు మూడు వారాల సెలవు దొరుకుతోంది. ఆ రోజుల్లో డాన్యూబ్ నది వెంట ఒంటరిగా సైకిల్ మీద ప్రయాణం చేయాలని నిశ్చయించుకున్నాను. హైదరాబాదులో సెలవు రోజుల్లో గండిపేట చుట్టుపక్కల, వీలైనప్పుడు వికారాబాద్ దాకా తొక్కే అలవాటు ఉంది కనుక రోజుకు అరవై కిలోమీటర్లు నాకు భారం కాదు. అయితే సామాను కట్టుకుని వరసగా రోజుల తరబడి తొక్కిన అనుభవం లేదు.

నా ముందు రెండు దారులున్నాయి. నల్ల అడవుల అంచున, నదికి డాన్యూబ్ అన్న పేరు మొదలయ్యే డోనావెషింగెన్‌లో బయలుదేరి వియన్నాలో ముగించడం ఒకటి. ఇది దాదాపు 900 కి.మీ. జర్మనీ సరిహద్దు పట్టణం పస్సావ్‌లో బయలుదేరి వియన్నా, బ్రాటిస్లావా మీదుగా బుడాపెస్ట్ చేరడం రెండోది. ఇది దాదాపు 650 కి.మీ. నేను శాకాహారిని, గుడ్డు మాత్రం తింటాను. గుడారం తీసుకెళ్లాలా, గదులు దొరుకుతాయా, సైకిలు ఇక్కడి నుంచి పట్టుకెళ్లడం మేలా అన్నవి కూడా ఇంకా తేలలేదు. ఆడపిల్లవి, ఒక్కదానివే అంత దూరం ఏమిటని ఇంట్లో అంటున్నారు. ఆ దారిలో ఒంటరిగా తొక్కినవారు ఎవరైనా నాలుగు మాటలు రాస్తే వారికి చూపిస్తాను.

జవాబు (మ్యూనిక్ నుంచి)

మూడు వారాలు చేతిలో ఉన్నప్పుడు డోనావెషింగెన్‌ను వదులుకోవద్దండీ. పస్సావ్‌కు వచ్చేసరికి డాన్యూబ్ పెద్ద ఓడలు తిరిగే నది అయిపోతుంది. అంతకు ముందు అది ఎలా పెరిగిందో చూడాలంటే పైనుంచే రావాలి. బ్రెగ్, బ్రిగాఖ్ అనే రెండు చిన్న ఏరులు కలిసిన చోట అది మన ఊళ్లలోని పంటకాలువకు మించి ఉండదు. అక్కడి నుంచి కొంత దూరం పోయాక ఇమ్మెండింగెన్ దగ్గర ఆ నీరు కూడా సున్నపురాతి నేలలోకి ఇంకిపోతుంది. వేసవిలో చాలా రోజులు అక్కడ నది అడుగు పూర్తిగా ఎండిపోయి, గులకరాళ్ల మీద నడిచి అవతలి గట్టుకు వెళ్లవచ్చు. ఇంకిన నీరు కొండల కిందుగా పోయి ఆఖ్ అనే ఊరి దగ్గర పెద్ద ఊటగా పైకి వస్తుంది, కాన్‌స్టన్స్ సరస్సులో చేరి రైన్ నదిలో కలుస్తుంది. నల్ల సముద్రానికి బయలుదేరిన నీరు ఉత్తర సముద్రానికి చేరడమన్నమాట. సైకిలు గట్టున నిలబెట్టి ఆ చోటు చూడడానికి గంటసేపు కేటాయించండి.

అది దాటాక బొయిరోన్ నుంచి సిగ్మారింగెన్ దాకా తెల్లని కొండచరియల నడుమ దారి సాగుతుంది. నా దృష్టిలో మొత్తం డాన్యూబ్ మార్గంలో ఇంతకు మించిన భాగం లేదు. అక్కడక్కడా కంకర దారి, చిన్న చిన్న ఎక్కుళ్లు ఉంటాయి. సన్నని రేసు టైర్లతో వెళ్లవద్దు, 35 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు వేసుకోండి. ఉల్మ్‌లో 161 మీటర్ల చర్చి గోపురం ఊరు ఇంకా దూరంగా ఉండగానే కనిపిస్తుంది. ఉల్మ్ తరువాత చాలా దూరం పొలాలు, చిన్న ఊళ్లు తప్ప చెప్పుకోదగ్గవి తక్కువ. ఓపిక తగ్గితే అక్కడ ఒక రోజు రైలెక్కవచ్చు. ప్రాంతీయ రైళ్లలో సైకిలుకు వేరే టికెట్టు కొంటే చాలు. వేగంగా వెళ్లే రైళ్లలో మాత్రం సైకిలుకు ముందే చోటు రిజర్వు చేసుకోవాలి. వెల్టెన్‌బర్గ్ మఠం నుంచి కెల్‌హైమ్ దాకా నది ఇరుకైన లోయలోంచి పోతుంది, గట్టు వెంట దారి లేదు. సైకిలుతో సహా పడవ ఎక్కండి. ఆ తరువాత వచ్చే రేగెన్స్‌బర్గ్‌లో పన్నెండో శతాబ్దపు రాతివంతెన ఉంది. ఆ ఊళ్లో ఒక పూట ఆగడం న్యాయం.

జవాబు (వియన్నా నుంచి)

పైవారు చెప్పిన అందాలను కాదనను. అయినా సామానుతో తొలిసారి తొక్కుతున్న మనిషికి పస్సావే సరైనదని నా అభిప్రాయం. నేనూ ఒంటరిగానే తొక్కాను, మీ ఇంట్లోవారికి ఈ భాగం చూపించండి. పస్సావ్ నుంచి వియన్నా దాకా దాదాపు 320 కి.మీ. దారి వాహనాలకు దూరంగా, చదునుగా ఉంటుంది. వేసవిలో ముందూ వెనకా ఎవరో ఒకరు తొక్కుతూనే ఉంటారు, వారిలో ఒంటరి స్త్రీలు, డెబ్భై దాటిన దంపతులు కూడా ఉంటారు. దారిలో చాలా చోట్ల రైల్వే స్టేషన్లు అందుబాటులో ఉన్నాయి కనుక కాలు పట్టేసినా, వాన పట్టుకున్నా వియన్నా వైపు రైలెక్కవచ్చు. అత్యవసరానికి ఈ దేశాలన్నిటిలో 112 నంబరు పనిచేస్తుంది. భయపడవలసింది మనుషుల గురించి కాదు, సైకిలు దొంగల గురించి. పెద్ద ఊళ్లలో రాత్రిపూట సైకిలును వసతి లోపల పెట్టించుకోండి.

నది గట్టున కిలోమీటరు పలకలు ఉంటాయి. అవి సముద్రం దగ్గర సున్నాతో మొదలవుతాయి కనుక మీరు దిగువకు పోయేకొద్దీ అంకె తగ్గుతుంది. పస్సావ్‌లో 2,226 దాపుల్లో ఉండే అంకె వియన్నాలో 1,929కి, బుడాపెస్ట్‌లో 1,650 లోపుకు వస్తుంది. అలసిన మధ్యాహ్నాల్లో ఆ పలకలే నాకు కాలక్షేపం.

ష్లోగెన్ దగ్గర నది కొండను చుట్టి వెనక్కి మళ్లుతుంది. ఎడమ గట్టున అక్కడ దారి తెగిపోతుంది కాబట్టి చిన్న పడవలో దాటాలి. సాయంత్రం పడవ ఏ వేళకు ఆగిపోతుందో ముందే కనుక్కోండి. లింజ్ దాటాక మౌత్‌హౌసెన్ వస్తుంది. నాజీల కాలంలో, ఉపశిబిరాలతో కలిపి, కనీసం 90,000 మంది ప్రాణాలు పోయిన నిర్బంధ శిబిరం ఊరి పైన గుట్ట మీద ఉంది. అక్కడికి వెళ్లే రోజున దూరం తక్కువ పెట్టుకోండి. ఎక్కుడు గట్టిది, చూసి వచ్చాక తొక్కాలనీ అనిపించదు.

మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా ఉన్న వాఖావు లోయ 36 కి.మీ. మాత్రమే. గంటల్లో దాటేయవచ్చు, కానీ రెండు రోజులు ఇవ్వండి. ద్రాక్షతోటలు మెట్లు మెట్లుగా కొండెక్కుతాయి. 1192 చివర ఇంగ్లాండు రాజు రిచర్డును బంధించిన కోట శిథిలాలు డ్యూర్న్‌స్టైన్‌లో ఊరి పైనే ఉన్నాయి. ఆ లోయ నడిమి ఊళ్ల దగ్గర వంతెన ఒక్కటీ లేదు. ష్పిట్స్ దగ్గర అడ్డంగా కట్టిన ఇనుపతాడును పట్టుకుని, ఇంజను లేకుండా, ప్రవాహపు తోపుడుతోనే ఒక బల్లకట్టు కార్లనూ సైకిళ్లనూ దాటిస్తుంది. పడవవాడు ముక్కును కొంచెం వాలుగా తిప్పుతాడు, మిగిలిన పని నీరే చేస్తుంది. ఈ లోయలోని ఆప్రికాట్లు జూలైలో పండుతాయి. జూన్‌లో వెళితే వాటి జామ్‌తో సరిపెట్టుకోవాలి.

వియన్నా తరువాత సంగతి కూడా ఉన్నదున్నట్టు చెబుతాను. బ్రాటిస్లావా వైపు వరదకట్ట మీద దారి కొలబద్ద పెట్టి గీసినట్టు పోతుంది. నీడ ఉండదు, ఎదురుగాలి వస్తే సాయంత్రానికి ప్రాణం విసుగెత్తుతుంది. హంగరీలో కొన్ని చోట్ల మామూలు రోడ్డు మీద లారీల పక్కన తొక్కవలసి వస్తుంది. అయితే ఎస్టెర్‌గోమ్‌లో యుద్ధకాలంలో కూల్చిన వంతెనను 2001లో తిరిగి కట్టారు. ఆ వంతెన మీదుగా స్లొవాకియా నుంచి హంగరీలోకి, గుట్ట మీది పెద్ద చర్చిని చూస్తూ ప్రవేశించడం కోసమైనా ఆ భాగాన్ని భరించవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. అమ్మకు రెండో జవాబు చదివి వినిపించాను. 112 దగ్గర కాస్త మెత్తబడింది. వీసా ఏ దేశం నుంచి తీసుకోవాలో, తిండి సంగతేమిటో, సైకిలు మాటేమిటో కూడా ఎవరైనా చెప్పగలరా?

జవాబు (హైదరాబాదు నుంచి)

వీసా సంగతి మీ దారినిబట్టే తేలుతుంది, అందుకే ముందు దారి నిర్ణయించుకోండి. షెంగెన్ (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) నిబంధన ప్రకారం ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. డోనావెషింగెన్–వియన్నా అయితే జర్మనీ, పస్సావ్–బుడాపెస్ట్ అయితే రాత్రులు లెక్కవేస్తే చాలామటుకు ఆస్ట్రియా. రుసుము 90 యూరోలు, ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. వేసవికి అపాయింట్‌మెంట్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి చలికాలంలోనే పని మొదలుపెట్టండి. సైకిల్ ప్రయాణమని దాచవద్దు. ఏ రాత్రి ఏ ఊళ్లో ఉంటారో తేదీలవారీగా ఒక పట్టిక రాసి, రద్దు చేసుకునే వీలున్న గదుల బుకింగులు జతచేయండి.

గుడారం ఉంటే ఖర్చు తగ్గుతుంది, నది వెంట క్యాంపింగ్ స్థలాలు చాలానే ఉన్నాయి. అయితే జర్మనీలోనూ ఆస్ట్రియాలోనూ కనిపించిన పొలంలో, అడవిలో గుడారం వేసుకోవడం సాధారణంగా కుదరదు, స్థలం యజమాని అనుమతి ఉండాలి. తొలి ప్రయాణానికి గదులే నయమని నా సలహా. మే, జూన్ నెలల్లో వచ్చే గురువారపు చర్చి పండుగలకు జనం శుక్రవారం కూడా సెలవు పెట్టి బయలుదేరుతారు, ఆ వారాంతాలకు మాత్రం గది ముందే ఖాయం చేసుకోండి.

తిండికి ఆదివారం ఒక్కటే చిక్కు. జర్మనీ, ఆస్ట్రియాలలో ఆ రోజు సూపర్ మార్కెట్లు దాదాపు అన్నీ మూసేస్తారు, పల్లెల్లో భోజనశాలలకు వారంలో వేరే సెలవు రోజు కూడా ఉంటుంది. శనివారం సాయంత్రమే రొట్టె, జున్ను (చీజ్), పెరుగు, అరటిపళ్లు సంచిలో వేసుకోండి. దక్షిణ జర్మనీలో జున్ను కలిపిన ష్పెట్స్‌లె అనే గుడ్డు నూడుల్స్, హంగరీలో నూనెలో కాల్చి పైన జున్ను చల్లే లాంగోష్ రొట్టె కడుపు నింపుతాయి. బంగాళాదుంప సలాడును మాత్రం అడిగి తినండి, కొన్ని చోట్ల మాంసపు రసంతో కలుపుతారు. ఒక చిన్న పచ్చడి సీసా వెంట ఉంటే నష్టం లేదు. ఖాళీ అయిన నీళ్ల సీసాను ఊరి శ్మశానంలోని కొళాయి దగ్గర నింపుకునేవారు చాలామంది. తాగే నీరు కాదని పలక లేకుంటేనే నింపండి.

సైకిలు మీదైతే అట్టపెట్టెలో సర్ది విమానంలో పంపవచ్చు. పెడల్స్ విప్పి, హ్యాండిల్ పక్కకు తిప్పి, టైర్లలో గాలి తగ్గించాలి, విమాన సంస్థకు ముందే చెప్పాలి. కానీ మీరు పస్సావ్ దారి ఎంచుకుంటే అక్కడే అద్దెకు తీసుకుని వియన్నాలో అప్పగించే ఏర్పాటు ఉంది. ముందు వియన్నా దాకా అలా వెళ్లి, కాళ్లు సహకరిస్తే మిగిలిన దారికి అక్కడ మరో సైకిలు చూసుకోవచ్చు. అద్దె సైకిలు తీసుకునేటప్పుడు ట్యూబు వాల్వు ఏ రకమో చూడండి. జర్మనీ పట్టణ సైకిళ్లకు ఇప్పటికీ మన పాత సైకిళ్లకు ఉండే డన్‌లప్ వాల్వు కనిపిస్తుంది, మీరు తీసుకెళ్లిన పంపు మూతి దానికి పట్టకపోవచ్చు. తీసుకునే చోటే పంపు బిగించి ఒకసారి గాలి కొట్టి చూసుకోండి, విడి ట్యూబు కూడా అక్కడే అడగండి.