గుంటూరు: జాతీయ రహదారి 3ఏ గెజిట్‌లో (భూమి తీసుకోబోతున్నామని చెప్పే ప్రకటనలో) మా సర్వే నెంబరు, ఇప్పుడేం చేయాలి?

1 ఎకరం 20 సెంట్లు మాగాణి, మధ్యలోంచి రోడ్డు. రేటు చాలదని ఇప్పుడే రాయొచ్చా? రీసర్వే అయ్యాక నెంబరు కూడా మారింది.

జవాబు 1:
ఇప్పుడు రేటు ఎత్తకండి. ఆ గెజిట్ మీద ఇచ్చే 3సీ అభ్యంతరం భూమి వాడకం మీదే. గెజిట్ తేదీ నుంచి 21 రోజుల్లో రాతపూర్వకంగా ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. చాలామంది ఇక్కడే రేటు గొడవ పెట్టి, అసలు తప్పుల్ని వదిలేస్తారు. విస్తీర్ణం తక్కువ పడిందా, పాత నెంబరుకీ రీసర్వేలో ఇచ్చిన కొత్త ఎల్‌పీఎం నెంబరుకీ పొంతన ఉందా, చనిపోయిన నాన్నగారి పేరే ఉందా చూడండి. 1బి (హక్కుల రికార్డు), అడంగల్ (సాగు రికార్డు), ఈసీ (భూమి మీద లావాదేవీల పత్రం) జతచేయండి. పేరు తేడా ఉంటే డబ్బు అక్కడే ఆగుతుంది.

జవాబు 2:
రేటు సంగతి 3జీ నోటీసు (పరిహారం తేల్చేటప్పుడు ఇచ్చేది) వచ్చాక. 3ఏ తేదీకి ముందు మూడేళ్ల దస్తావేజుల్లో ఎక్కువ ధర ఉన్న సగం తీసి సగటు కడతారు. వాటి నకళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇప్పుడే తీయండి. దానిమీద 100 శాతం సొలేషియం (అదనంగా ఇచ్చే సొమ్ము). బోరు, చెట్లు, పైపులైను విడిగా రాయించాలి. పంచనామాలో లేకపోతే తర్వాత ఎవరూ ఒప్పుకోరు.

జవాబు 3:
రోడ్డుకి అటూఇటూ మిగిలే ముక్కలు మరవకండి. బోదె తెగి నీరందకపోతే ఆ నష్టం కూడా అడగొచ్చు, స్కెచ్‌తో సహా. అవార్డు (పరిహారం ఉత్తర్వు) నచ్చకపోతే ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) దగ్గరికే, ముందే సివిల్ కోర్టుకి కాదు. డబ్బు మాత్రం నిరసన తెలుపుతూ తీసుకోండి.